చేతిపని నేర్చే పిల్లలకు పాలు, తిండి, ఆట



ఈ శీర్షిక కింద ఇంతవరకు పశువుల మేత, శుభ్రమైన పాల ఉత్పత్తి, సంఘం లెక్కలు మొదలైన విషయాలు చెప్పుకుంటూ వచ్చాము. ఈసారి పాఠం పశువుల గురించి కాదు. పాడి ఇంట పుట్టి, పదో తరగతి అయిన తరువాత పట్నంలోని ఐ.టి.ఐ.లోనో, ఒకేషనల్ జూనియర్ కళాశాలలోనో చేరి చేతిపని నేర్చుకుంటున్న మన పిల్లల గురించి. పాల సంఘం పత్రికలో రాయవలసిన విషయమేనా ఇది అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివి మీరే నిర్ణయించవలసిందిగా మనవి.

ఒక సంఘటన

గత ఏడాది వానాకాలంలో మా పరిధిలోని ఒక సంఘం వారు పాల క్యాన్లు పెట్టుకునే ఇనుప స్టాండును దగ్గరి పట్నంలోని ఐ.టి.ఐ.లో, వెల్డింగు సెక్షన్ పిల్లలచేత చేయించారు. ఆ పని, బిల్లు సరిచూడడానికి మేము అక్కడికి వెళ్ళాము. పగలు పదకొండున్నర అయి ఉంటుంది. పక్కనే ఉన్న ఫిట్టర్ సెక్షన్‌లో కేకలు వినిపించాయి. గ్రైండింగు మిషను ముందు నిలబడి పని చేస్తున్న కుర్రవాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. వెనక్కి పడ్డాడు గనుక బతికిపోయాడు. ముందుకు తూలి ఉంటే తిరుగుతున్న రాయి మీద చెయ్యి పడేది. చేతిపని నేర్చుకునేవాడికి చెయ్యి పోతే ఇక మిగిలేదేమిటి?

ముఖాన నీళ్ళు చల్లి, తేరుకున్నాక పంచదార నీళ్ళు పట్టించి, పొద్దుటినుంచి ఏం తిన్నావు బాబూ అని అడిగాము. ఇంట్లో టీ, బస్సు దిగాక ఒక బిస్కెట్ పాకెట్ అన్నాడు. తెల్లవారుజామున లేచి గేదెల కింద బాగుచేసి, పాలు కేంద్రంలో పోసి, ఏడు గంటల బస్సుకు పరుగెత్తాడట. అన్నం వండేసరికి బస్సు వెళ్ళిపోతుంది.

ఊరి పేరు అడిగితే అది స్టాండు చేయించిన సంఘం ఊరే. తల్లి పేరు చెప్పగానే మాకు గుర్తుకు వచ్చింది. ఏడాదిలో అందరికంటె ఎక్కువ పాలు పోసిన సభ్యురాలని అంతకు ముందు జరిగిన మహాజన సభలో స్టీలు బిందె బహుమతిగా ఆమె చేతికి ఇచ్చినది మేమే.

ఆ సాయంత్రం కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాము. ఇంట్లోకి ఎన్ని పాలు ఉంచుకుంటారమ్మా అని అడిగాము.

"పావు లీటరండీ, టీ నీళ్ళకి. ఇంట్లో వృథా చెయ్యకుండా అన్నీ సంఘానికే పొయ్యమని పోయినేడు సభలో తమరే కదండీ చెప్పారు!"

మా వద్ద సమాధానం లేకపోయింది. ఆ మాట చెప్పింది మేమే. కనుక ఈ పాఠం మీకే కాదు, మాకు కూడా. మేము చెప్పిన మాటను సరిదిద్దుకుంటూ రాస్తున్నాము.

ఈ వయసులో ఒంటికి ఏం కావాలి?

పడ్డను పెంచే పద్ధతి మీకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాలిచ్చే గేదెకు నిర్వాహణ దాణా కాక రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున దాణా పెడతాము. పడ్డ పాలివ్వడం లేదు కదా అని దాన్ని మాడిస్తే ఏమవుతుంది? ఎదకు ఆలస్యంగా వస్తుంది, ఈనినా పాలు చాలవు. ఆ నష్టం తరువాత ఎంత దాణా పెట్టినా పూర్తిగా తీరదు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు కూడా అటువంటి దశలోనే ఉంటారు. ఎత్తు పెరుగుతారు, కండ పడుతుంది, ఎముకలు గట్టిపడతాయి. ఎముకలో సున్నం నిండే పని ఇరవై దాటిన తరువాత నెమ్మదిస్తుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశ ప్రజలకు ఏ వయసులో ఎంత ఆహారం అవసరమో లెక్కకట్టి చెప్పే సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2020లో ఆ సంస్థ ఇచ్చిన లెక్కల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ మగపిల్లవాడికి రోజుకు సుమారు 3,300 క్యాలరీల శక్తి, 55 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అదే వయసు ఆడపిల్లకు సుమారు 2,500 క్యాలరీలు, 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కాల్షియం, అంటే మనం సున్నం అనేది, ఇద్దరికీ 1,050 మిల్లీగ్రాములు. ఇనుము మగపిల్లవాడికి 26 మిల్లీగ్రాములు, ఆడపిల్లకు 32 మిల్లీగ్రాములు.

అర లీటరు గేదెపాలలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, 600 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. అంటే మన కుర్రవాడికి రోజుకు కావలసిన మాంసకృత్తులలో మూడో వంతు, కాల్షియంలో సగానికి పైగా ఆ అర లీటరులోనే వస్తాయి. పొద్దున ఒక గ్లాసు పాలు, రాత్రి అన్నంలో ఒక గిన్నె పెరుగు ఉంటే చాలు.

అయితే పాలు తాగితే అన్నీ సరిపోతాయని పాల సంఘం వారు చెప్పకూడదు. పాలలో ఇనుము బహు స్వల్పం. మేము చెప్పిన కుర్రవాణ్ణి ఆసుపత్రిలో చూపిస్తే రక్తం తక్కువగా ఉందని డాక్టరు గారు మాత్రలు రాశారు. ఇది ఆ ఒక్కడి సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి, మగపిల్లల్లో 31 మందికి రక్తహీనత ఉంది. దీనికి తోటకూర వంటి ఆకుకూరలు, పప్పులు, శనగ గుగ్గిళ్ళు, తినేవారికి గుడ్డు, మాంసం కావాలి. భోజనంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటపడుతుంది. అన్నం తినగానే టీ తాగితే వంటపట్టదు. భోజనానికి ముందు, తరువాత గంటసేపు టీ, కాఫీ తాగవద్దని జాతీయ పోషకాహార సంస్థ హితవు. ప్రభుత్వ కార్యక్రమం కింద 10–19 ఏళ్ళ వారికి వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆశా కార్యకర్తను గాని అడగండి.

పథకం ఎక్కడ ఆగుతుంది?

బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు కదా అని చాలామంది తల్లిదండ్రుల ధీమా. కేంద్ర ప్రభుత్వ పథకం 8వ తరగతితో ఆగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి 9, 10 తరగతులకు కూడా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మ గారి పేరిట ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో భోజనం మొదలైంది. ఐ.టి.ఐ.లో చేరిన పిల్లవాడు బడి లెక్కలోకి రాడు, జూనియర్ కళాశాల లెక్కలోకీ రాడు. పదో తరగతి దాకా బడిలో వేడి అన్నం తిన్నవాడు, ఒళ్ళు వంచి పని చేయవలసిన చోటికి వచ్చేసరికి టీ బంకు పాలవుతున్నాడు.

ఇంటి లెక్క

ఇక డబ్బు సంగతికి వద్దాము. ఇంట్లో పాలు ఉంచితే కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగే తల్లుల మాట కొట్టివేయదగినది కాదు. లెక్క వేసి చూద్దాము. మీ వెన్న శాతానికి లీటరుకు 60 రూపాయలు వస్తున్నదనుకుందాము. రోజుకు అర లీటరు ఇంట్లో ఉంచితే 30 రూపాయలు తగ్గుతుంది. నెలకు 900 రూపాయలు. చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు మీ పిల్లవాడి జేబు లెక్క చూడండి. రెండు టీలు 20 రూపాయలు, ఒక సమోసా 15, ఎండ వేళ ఒక కూల్ డ్రింకు 20. మొత్తం 55 రూపాయలు. పనిదినాలు నెలకు 25 అనుకున్నా 1,375 రూపాయలు. ఈ డబ్బు కూడా పాల బిల్లులోనుంచే వెళ్తున్నది. గేదెపాలు అమ్మి, పంచదార నీళ్ళు కొంటున్నామన్నమాట.

పాలు పితికేటప్పుడు దూడకు ఒక చన్ను వదలడం మన పెద్దల ఆచారం. దూడ నోరు కొట్టి పితికేవాణ్ణి ఊళ్ళో మంచి పాడిరైతు అనరు. మరి ఇంట్లో పిల్లవాడికి ఆ పాటి వాటా ఉండవద్దా? కనుక మా సలహా ఇది. పాలు పితికిన వెంటనే, కేంద్రానికి బయలుదేరకముందే, పిల్లల పాలు వేరే గిన్నెలో తీసిపెట్టండి. మిగిలినవి పోయండి. "పోయగా మిగిలితే" అనుకుంటే ఏనాడూ మిగలవు.

పొద్దున వంట కాకపోతే రాత్రి అన్నంలో పాలు పోసి తోడువేసిన చద్దన్నం ఉన్నది, పెరుగన్నం ఉన్నది. ఉల్లిపాయ నంజుకుని తిని వెళ్ళడానికి పది నిమిషాలు చాలు. ఇది మన తాతలు నాగలి పట్టిన తిండే. దానికి సిగ్గుపడి బిస్కెట్లు కొనుక్కోవడం నాగరికత కాదు. మధ్యాహ్నానికి క్యారియరులో అన్నం, పప్పు, ఒక కూర సర్దండి. అది కుదరని రోజున వేయించిన వేరుశనగ గుళ్ళు గుప్పెడు, బెల్లం ముక్క పొట్లం కట్టి ఇవ్వండి.

పని చేసేవాడికి ఆట ఎందుకు?

"మా వాడు పొలం పని చేస్తాడు, పాలు మోస్తాడు, వాడికి మళ్ళీ ఆటలెందుకండీ?" అని ఒక సభ్యులు మమ్మల్ని అడిగారు. ఫిట్టర్ సెక్షన్‌లో ఒక గంట నిలబడి చూస్తే సమాధానం దొరుకుతుంది. వైస్ ముందు సిమెంటు గచ్చు మీద కదలకుండా నిలబడి, ఆకురాయితో ఒకే వైపు భుజం ఆడిస్తూ గంటల తరబడి రుద్దాలి. వెల్డింగు నేర్చేవాడు గొంతుకూర్చుని నడుం వంచి ఉంటాడు. కంప్యూటరు, కుట్టుపని నేర్చే ఆడపిల్లలు మెడ వంచి కూర్చుంటారు. రానుపోను బస్సులో నిలబడడం, ఇంటికి వచ్చి ఫోను చూస్తూ పడుకోవడం. అలసట ఉంటుంది గాని ఒంటికి అన్ని వైపులా కదలిక ఉండదు. ఊపిరితిత్తులకు, గుండెకు, వెన్నుకు పని ఉండదు. ఇరవై ఏళ్ళకే నడుం నొప్పి అంటున్న కుర్రవాళ్ళను చూస్తున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 17 ఏళ్ళ లోపు పిల్లలు రోజుకు సగటున ఒక గంట, చెమట పట్టేటట్లు ఆడాలి లేదా వ్యాయామం చేయాలి. 18 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాలు కావాలి. దీనికి పెద్ద స్టేడియం అక్కర లేదు. చెడుగుడుకు ఒక గీత, ఖోఖోకు రెండు గుంజలు, వాలీబాలుకు ఒక వల చాలు. పని మధ్యలో రెండు గంటలకొకసారి అయిదు నిమిషాలు భుజాలు తిప్పి, నడుం వెనక్కి వంచి, నాలుగడుగులు నడిచినా మేలే.

ఒక హెచ్చరిక. ఖాళీ కడుపుతో ఆడించకూడదు. ముందు తిండి, తరువాత ఆట. మేత వేయకుండా కాడి కట్టే రైతు ఎక్కడా లేడు.

ఆ ఐ.టి.ఐ.లో ఏం జరిగింది?

కుర్రవాడు పడిపోయిన తరువాతి నెలలో ఆ సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, ఐ.టి.ఐ. ప్రిన్సిపాలు గారు కూర్చుని మాట్లాడుకున్నారు. మేమూ ఉన్నాము. మొదట సంఘం కాచిన పాలు పంపింది. అది సాగలేదు. కొందరు పిల్లలకు ఉత్త పాలు సహించలేదు, ఇద్దరు ముగ్గురికి కడుపు నొప్పి వచ్చింది. ఒక ఉక్కపోత రోజున క్యానులో పాలు విరిగిపోయాయి. పదిహేను రోజులకు ఆపివేశారు. మేము ముందుగా ఆలోచించవలసిన విషయమే. పాలు పడనివారికి కూడా మజ్జిగ సాధారణంగా పడుతుంది, ఎండకూ కొంత ఓర్చుకుంటుంది.

రెండవసారి రాగి జావలో మజ్జిగ కలిపి ఇచ్చే ఏర్పాటు చేశారు. వందమందికి లెక్క ఇలా వచ్చింది. రాగి పిండి రెండున్నర కిలోలు 125 రూపాయలు. రాత్రి కాచి తోడువేసిన పాలు పది లీటర్లు 600 రూపాయలు. గ్యాసు, ఉప్పు, జీలకర్ర 75 రూపాయలు. మొత్తం 800 రూపాయలు, అంటే గ్లాసుకు 8 రూపాయలు. పిల్లలు 5 రూపాయలు ఇస్తారు, 3 రూపాయలు సంఘం భరిస్తుంది. ఒక గ్లాసులో సుమారు 190 క్యాలరీలు, 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఇది భోజనానికి బదులు కాదు, టీ బిస్కెట్లకు బదులు. పొద్దున పదిన్నరకు పావుగంట విరామంలో ఇస్తున్నారు. వండి వడ్డించే పని ఊరిలోని పొదుపు సంఘం మహిళలు ఇద్దరు చూస్తున్నారు.

ఆట సంగతి పిల్లలే చూసుకున్నారు. వర్క్‌షాపు వెనుక తుప్పు సామాను, ముళ్ళకంప ఉన్న స్థలాన్ని ప్రిన్సిపాలు గారు ఖాళీ చేయించారు. ఫిట్టర్ పిల్లలు పాత పైపులతో వాలీబాల్ స్తంభాలు చేశారు. వెల్డింగు పిల్లలు పట్టుకుని వేలాడే బారు చేశారు. ఎలక్ట్రీషియన్ పిల్లలు ఒక దీపం బిగించారు. ఆడపిల్లలు మొదట రాలేదు. వారానికి మూడు రోజులు స్థలం వారికే అని వేరుగా సమయం కేటాయించి, ఇన్‌స్ట్రక్టరమ్మ గారు దగ్గర నిలబడిన తరువాత వచ్చారు. ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని ఆట గంటను సాయంత్రం నుంచి మధ్యాహ్నం మూడున్నరకు జరిపారు. ఆ మార్పు చేయకుండా ఉంటే పల్లె పిల్లలు ఒక్కరూ ఆడేవారు కాదు.

సంఘాలు పాటించవలసిన నియమాలు

1. పాలకవర్గం నోటిమాట మీద మొదలుపెట్టరాదు. విషయాన్ని మహాజన సభలో పెట్టి తీర్మానం చేయించాలి. సంఘం భరించే సొమ్ము ఆడిట్ అయిన నికర లాభంలోనుంచి, బైలా అనుమతించిన మేరకే ఉండాలి. సభ్యుల పాల బిల్లుల సొమ్ము ముట్టుకోరాదు.

2. ఇచ్చే పాలను స్థానిక అమ్మకం రిజిస్టరులో ఏ రోజుకారోజు రాయాలి. ఉచితంగా ఇచ్చినా రాయాలి. రాయని పాలు తనిఖీలో తరుగుగా కనిపిస్తాయి, కార్యదర్శి మీదికి వస్తుంది.

3. పరీక్షకు తీసిన శాంపిల్ పాలు, సెంటరు తిప్పి పంపిన పాలు పిల్లలకు పంపరాదు. ఇది కచ్చితమైన నియమం.

4. పచ్చిపాలు ఎవరికీ ఇవ్వరాదు. బాగా పొంగించి, చల్లార్చి, మూత ఉన్న స్టీలు పాత్రలో తోడువేయాలి. మజ్జిగలో కలిపే నీరు కాచి చల్లార్చినదై ఉండాలి.

5. ఐ.టి.ఐ. వారి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ విషయం ముందుగా విచారించుకోవాలి.

6. దగ్గరలో రెండు మూడు సంఘాలు ఉంటే వంతులు వేసుకోవాలి. ఒక్క సంఘం మీద భారం పడితే ఏడాది తిరక్కుండా ఆగిపోతుంది.

పాల సమాఖ్యలు విద్యార్థులకు పాలు ఇవ్వడం కొత్త విషయం కాదు. కర్ణాటకలో 2013 ఆగస్టు 1న మొదలైన క్షీరభాగ్య పథకంలో బడిపిల్లలకు పాలు సమకూర్చేది అక్కడి పాల ఉత్పత్తిదారుల సమాఖ్యే. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 2015లో ఏర్పరచిన పోషకాహార ఫౌండేషన్ కూడా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పాలు ఇస్తున్నది. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య మాంచెస్టరులో ఆమోదించిన ఏడు సహకార సూత్రాలలో ఐదవది విద్య, శిక్షణ. ఏడవది చుట్టూ ఉన్న సమాజం పట్ల శ్రద్ధ. పాల సంఘం అంటే కొలపాత్ర, బిల్లు పుస్తకం మాత్రమే కాదని వీటి భావం.

ముగింపు

ఆ కుర్రవాడు ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాడు. మళ్ళీ పడిపోలేదు. వాళ్ళ అమ్మగారు రోజుకు అర లీటరు ఇంట్లో ఉంచుతున్నారు. ఏడాదికి సుమారు 180 లీటర్లు తక్కువ పోసినట్లయింది. ఈ ఏడు బిందె వేరొకరికి వెళ్ళింది. "పోతే పోయింది లెండి, ఇంట్లో ఒకటి ఉందిగా" అన్నారామె.

బహుమతి ఇచ్చే పద్ధతిని గురించి కూడా మేము ఆలోచించుకున్నాము. ఎవరు ఎక్కువ పోశారన్నది ఒక్కటే చూడకుండా, ఇంటి పిల్లలకు వాటా ఉంచి మంచి పాలు పోసిన సభ్యులను కూడా గౌరవించాలని మా పరిధిలోని సంఘాలకు సూచించాము. ఇకమీదట ఏ సభలోనూ "అన్నీ పోయండి" అని మేము చెప్పము. "పిల్లల పాలు తీసి, మిగిలినవి పోయండి" అని చెబుతాము.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘం సభ్యుల పిల్లల్లో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఒకేషనల్ కోర్సులు చదువుతున్నవారు ఎందరు? వారు పొద్దున ఏం తిని బయలుదేరుతున్నారు?

2. మన ఇంట్లో రోజుకు ఎన్ని పాలు ఉంచుకుంటున్నాము? అందులో టీకి పోగా పిల్లలకు దక్కేది ఎంత?

3. వారు చదివే చోట ఆడుకునే స్థలం, తాగే నీరు, ఆడపిల్లలకు వేరు సమయం ఉన్నాయా? లేకపోతే మన సంఘం తరఫున ఎవరు వెళ్ళి మాట్లాడతారు?

ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన సమాధానాలను మినిట్స్ పుస్తకంలో రాసి ఉంచండి. తనిఖీకి వచ్చినప్పుడు లెక్కల పుస్తకాలతో పాటు ఆ పేజీ కూడా చూస్తాము.

— సహకార ఇన్‌స్పెక్టరు, సహకార డిప్లొమా